ఫిజియోథెరపీలో చేరాలా? ముందు ఆసుపత్రి చూడు, తర్వాత కాలేజీ

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ అయ్యాక ఒక ఏడాది లాంగ్ టర్మ్ తీసుకుని నీట్ రెండోసారి రాశాను. ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీలో చేరదామనుకుంటున్నాను. రిషభ్ పంత్ యాక్సిడెంట్ తర్వాత మళ్లీ గ్రౌండ్‌లోకి దిగడం చూసినప్పటి నుంచి స్పోర్ట్స్ ఫిజియో కావాలని ఉంది. ఇంట్లో మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో మాట. మామయ్య "అటు డాక్టరూ కాదు, ఇటు నర్సూ కాదు, మసాజ్ పని" అంటున్నాడు. మగవాళ్ల ఒళ్లు పట్టే పని ఆడపిల్లకెందుకని నానమ్మ. జీతం ఎంత వస్తుంది, అమెరికా పోవచ్చా అని నాన్న. వీళ్లకేం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. చేరమంటారా?

సమాధానం:

నీ ఉత్తరంలో నీకంటే మీ ఇంట్లోవాళ్లే ఎక్కువ మాట్లాడారు. ఫర్వాలేదు, వాళ్లు అడిగినవన్నీ అడగాల్సినవే. చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నదాన్ని కాబట్టి ఒక్కోటీ చెబుతాను. వాళ్లు అడగనిది, అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. అది మధ్యలో వస్తుంది, దాన్ని మాత్రం రెండుసార్లు చదువుకో.

మీ మామయ్యతో మొదలుపెడదాం. ఆయనది ఉత్త వెటకారమే అనుకోకు. మన టౌన్లలో కొన్ని క్లినిక్కులు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. నడుం నొప్పి అని పోతే పడుకోబెట్టి, నాలుగు ప్యాడ్లు అంటించి, మిషన్ ఆన్ చేసి, అటెండర్‌కు అప్పజెప్పి, ఫిజియో పక్క గదిలో ఫోన్ చూసుకుంటూ ఉంటే జనం ఏమంటారు? "కరెంటు పెట్టించుకుని వచ్చిన" అంటారు. పది సిట్టింగుల ప్యాకేజీ అయిపోయాక నొప్పి మళ్లీ వస్తే, మళ్లీ కరెంటు. అలాంటి ఫిజియో కావాలనుకుంటే నాలుగేళ్ల చదువు దండగ, మీ మామయ్య మాటే రైటు.

అసలు పని ఎలా ఉంటుందో చెబుతాను. మోకాలి ఆపరేషన్ అయి పది రోజులైన మనిషి పిక్క గుంజుతోందని వచ్చాడనుకో. ఇంట్లోవాళ్లు అప్పటికే నూనె రాసి గట్టిగా పట్టి ఉంటారు. ఆ పిక్క రెండోదానికంటే వాచి, ముట్టుకుంటే వేడిగా ఉండి, నొక్కితే అబ్బా అన్నాడంటే నువ్వు చెయ్యి తీసేయాలి. లోపల సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. అప్పటికప్పుడు సర్జన్‌కు ఫోన్ చేయాలి. ఇంకొకరు మామూలు నడుం నొప్పితో వచ్చి, మాటల మధ్యలో "రెండ్రోజుల నుంచి మూత్రం సరిగా వస్తలేదు, కూర్చునే కాడ మొద్దుబారినట్టుంది" అంటారు. అది బెల్టు, నడుమును లాగి పట్టే ట్రాక్షన్ పెట్టే కేసు కాదు. ఆ పూటే ఎమర్జెన్సీకి పంపాలి. ఆలస్యమైతే కాళ్లు, మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు. ఎక్కడ చెయ్యి వేయకూడదో తెలియాలంటేనే అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ అన్నీ చదవాలి. మసాజ్ చేసేవాడికి ఆ బాధ లేదు.

చెయ్యి వేశాక జరిగేది కూడా చూడు. పక్షవాతం వచ్చిన మనిషి ఇంట్లో "చెయ్యి లేస్తలేదు" అని ఒక్క మాటతో సరిపెడతారు. నీకు అందులో సున్నా నుంచి అయిదు దాకా గ్రేడ్లు ఉంటాయి. ఏమీ కదలకపోతే సున్నా. చెయ్యి కదలకపోయినా కండరం మీద నీ వేళ్లు ఆనించి "లేపు" అన్నప్పుడు కింద సన్నగా బిగిస్తే ఒకటి. చెయ్యిని బల్ల మీద పెట్టి పక్కకు జరపమంటే జరిపితే రెండు. చేతి బరువుకు ఎదురుగా దాన్ని పైకి ఎత్తితే మూడు. సున్నా ఒకటి అయిన రోజు ఇంట్లోవాళ్లకు తేడా ఏమీ కనిపించదు. నీకు మాత్రం ఆ రోజు నుంచి వ్యాయామం మారిపోతుంది. ఈ చిన్న తేడా పట్టుకోగలగడమే నీ చదువు.

పక్షవాతం సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. మన ఊళ్లలో ఇప్పటికీ పావురం రక్తం రాయించడానికి తీసుకుపోతారు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. ఆ నాలుగున్నర గంటలూ పావురాల దగ్గరే అయిపోతాయి. తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత మన దగ్గరికి. వచ్చేసరికి మనకు కనిపించే రెండో నష్టం భుజం. మనిషిని మంచం మీద లేపి కూర్చోబెట్టాలంటే పడిపోయిన చేతినే పట్టి లాగుతారు, అది సులువుగా దొరుకుతుంది కదా! ఆ భుజం చుట్టూ కండరాలు సడలిపోయి ఉంటాయి, లాగితే కీలు కిందికి జారుతుంది. ఇక ఆ నొప్పితో ఆయన చెయ్యి ముట్టుకోనివ్వడు, వ్యాయామం ఆగిపోతుంది. అందుకే మొదటి రోజు పేషెంటుకంటే ఆయన భార్యకో, కోడలికో ఎక్కువ నేర్పాలి. మోకాళ్లు మడిపించు, భుజం రెక్క వెనక ఒక చెయ్యి, తుంటి దగ్గర ఒక చెయ్యి వేసి పక్కకు దొర్లించు, కాళ్లు మంచం కిందికి దించు, అప్పుడు లేపు, చేతి కింద దిండు పెట్టు. అయిదు నిమిషాల పాఠం. మిషన్‌తో వచ్చే లాభం కంటే దీంతో వచ్చే లాభం ఎక్కువని నా నమ్మకం. మీ మామయ్యకు ఇవన్నీ చెప్పు. ఇంకా మసాజ్ అనే అంటే వదిలేయ్, అందరినీ ఒప్పించి చదవడం కుదరదు.

చదువు వివరాలు త్వరగా చెప్పేస్తాను. ఇన్నాళ్లూ బీపీటీ అంటే నాలుగేళ్లు, ఆపై ఆరు నెలల ఇంటర్న్‌షిప్. 2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కోసం, అంటే డాక్టరు, నర్సు కాని వైద్య వృత్తుల కోసం ఒక చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన జాతీయ కమిషన్ సిలబస్‌ను 2025లో కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసింది. దాని ప్రకారం ఇంటర్న్‌షిప్ ఏడాది, అంటే మొత్తం అయిదేళ్లు. తెలంగాణలో వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రలో విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అడ్మిషన్లు చూస్తాయి. నిమ్స్, తిరుపతి స్విమ్స్ విడిగా నోటిఫికేషన్ ఇస్తాయి. ఒడిశాలో కటక్ దగ్గరి ఓలట్‌పూర్‌లో, కోల్‌కతాలో, ఢిల్లీలో వికలాంగుల కోసం కేంద్రం నడిపే జాతీయ సంస్థలున్నాయి. వాటిలోనూ బీపీటీ ఉంది. ఇంతదాకా రాష్ట్ర సీట్లు ఎక్కువగా ఇంటర్ మార్కుల మెరిట్ మీద ఇచ్చారు. కమిషన్ వచ్చాక అడ్మిషన్ నిబంధనలు కూడా మారుతున్నాయి, కాబట్టి పోయినేడు సీనియర్ చెప్పింది వినకుండా ఈ ఏడాది నోటిఫికేషన్ నువ్వే చదువుకో. నీట్ స్కోర్ కార్డు మాత్రం కోపంలో చింపేయకు.

ఇప్పుడు రెండుసార్లు చదవమన్న విషయం.

కాలేజీ ఎంచుకునేటప్పుడు మనవాళ్లు బిల్డింగ్ చూస్తారు, హాస్టల్ చూస్తారు, బస్సు ఉందా అని చూస్తారు. ఫిజియోథెరపీకి చూడాల్సింది ఒక్కటే: ఆ కాలేజీకి ఆనుకుని నిజమైన ఆసుపత్రి ఉందా, అందులో పేషెంట్లు ఉన్నారా. ఈ విద్య పుస్తకంలో రాదు. మోకాలు మార్పిడి తర్వాత రెండో రోజు ఎంతవరకు వంచాలో పుస్తకంలో ఉంటుంది. వంచుతుంటే ఎముక అడ్డొచ్చి ఆగిందా, కండరం బిగిసి ఆగిందా, భయపడి ఆ మనిషే ఆపుకుంటున్నాడా అన్నది మాత్రం చేతికి తెలియాలి. వంద మోకాళ్లు పట్టుకున్నవాడికి తెలుస్తుంది. నాలుగేళ్లు ఒకరి మోకాలు ఒకరు పట్టుకుని ప్రాక్టికల్ రికార్డు నింపినవాడికి తెలియదు, ఎందుకంటే క్లాస్‌మేట్ మోకాలికి ఏ రోగమూ లేదు.

కాలేజీ చూడటానికి ఆదివారం వెళ్లకు. పని రోజు ఉదయం పది, పదకొండు మధ్య వెళ్లు. ఆఫీసుకు పోయి పీఆర్‌ఓతో మాట్లాడే ముందు నేరుగా ఫిజియోథెరపీ ఓపీకి నడువు. బల్లల మీద పేషెంట్లు ఉన్నారా, లేక మిషన్ల మీద కవర్లు కప్పి ఉన్నాయా? ప్యారలల్ బార్స్ (పట్టుకుని నడిచే జంట కడ్డీలు) మధ్య ఎవరైనా నడుస్తున్నారా, లేక వాటి మీద ఎవరిదైనా ఏప్రాన్ ఆరేసి ఉందా? విద్యార్థులు పేషెంటును పట్టుకుని ఉన్నారా, గోడకు చేరగిలబడి చూస్తున్నారా? ఒక ఇంటర్న్‌ను క్యాంటీన్‌లో పట్టుకుని అడుగు: ఐసీయూ పోస్టింగ్ ఉందా, న్యూరో వార్డుకు పంపుతారా, ఒక్కదానివే కేసు చూశావా, అనాటమీకి శవం మీద డిసెక్షన్ చేశారా లేక చార్టుల మీదే కానిచ్చారా, స్టైపెండ్ చేతికిస్తారా. ఇంటర్న్ నీళ్లు నమిలితే నీకు జవాబు వచ్చినట్టే. బెంగళూరులో సీటు ఇప్పిస్తామని కన్సల్టెన్సీల వాళ్లు ఫోన్లు చేస్తారు. అక్కడ మంచి కాలేజీలూ ఉన్నాయి, పేరుకు మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. ఈ పరీక్ష వాటికీ పెట్టు. అటెండెన్స్ అక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు అన్న కాలేజీ గడప కూడా తొక్కకు. అలా చదివి వచ్చినవాళ్లు ఇంటర్వ్యూలో పేషెంటును మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చమంటే తడబడటం ఎన్నోసార్లు చూశాను.

ఫీజు సంగతి: కన్వీనర్ కోటా సీటుకు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, బకాయిలు ఆలస్యమైతే ముందు నీ దగ్గర కట్టించుకుంటారా అని చేరకముందే అడుగు. చివర్లో సర్టిఫికెట్ల కోసం కాలేజీల చుట్టూ తిరుగుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు.

మీ నానమ్మ భయం గురించి. అది తీసిపారేయాల్సిన భయం కాదు. మగ పేషెంట్లను చూడాల్సి వస్తుంది, వార్డులో ఆడా మగా అని విడదీసి ఇవ్వరు. కానీ పద్ధతులున్నాయి. చూడాల్సిన భాగం తప్ప మిగతాది దుప్పటితో కప్పుతాం. ఏం చేయబోతున్నామో ముందే చెప్పి, ఒప్పుకున్నాకే చెయ్యి వేస్తాం. తలుపు, కర్టెన్ పూర్తిగా మూసుకుని ఒంటరిగా ఉండం. ఎవరైనా వెకిలిగా ప్రవర్తిస్తే అక్కడితో ట్రీట్‌మెంట్ ఆపి బయటికి వచ్చే హక్కు నీకుంది, దాన్ని మొదటి రోజు నుంచే వాడు. హోమ్ విజిట్లకు మాత్రం జాగ్రత్త కావాలి: కొత్త ఇంటికి మొదటిసారి పోయేటప్పుడు ఆ ఇంట్లో ఆడవాళ్లు ఉన్నారో లేదో ఫోన్‌లో కనుక్కో, అడ్రస్ ఎవరికైనా చెప్పి వెళ్లు, చీకటి పడ్డాక కొత్త ఇళ్లు ఒప్పుకోకు.

దీనికి రెండో వైపు మీ నానమ్మకే బాగా అర్థమవుతుంది. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్కలు పడే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో ఆమెను అడిగి చూడు. మొగుడికి కూడా చెప్పరు. పెళ్లిళ్లకు పోవడం మానేస్తారు, నీళ్లు తాగడం తగ్గిస్తారు, కాన్పులయ్యాక ఇది మామూలే అనుకుని ఇరవై ఏళ్లు అలాగే నెట్టుకొస్తారు. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం సరిగ్గా నేర్పితే చాలామందికి ఇది బాగా తగ్గుతుంది. సరిగ్గా అన్నదే కష్టం. బిగించమంటే చాలామంది ఊపిరి బిగబట్టి పొట్టను, పిరుదులను బిగిస్తారు, దాంతో లాభం లేదు. పక్కన కూర్చుని, మాటల్లో పెట్టి, సిగ్గు పోయాక నేర్పాలి. ఆ పని మగ ఫిజియో దగ్గర చేయించుకునే ఆడవాళ్లు మన దగ్గర అరుదు. భుజం పట్టేసి జాకెట్ హుక్కులు పెట్టుకోలేని, జడ వేసుకోలేని షుగర్ పేషెంట్ల సంగతీ అంతే, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్ల సంగతీ అంతే. జిల్లాల్లో ఆడ ఫిజియోల కోసం వెతుక్కునే పరిస్థితి ఇంకా ఉంది.

ఇక నీ ఇష్టం, స్పోర్ట్స్. పంత్‌కు 2022 డిసెంబర్ 30న యాక్సిడెంట్ అయింది, 2024 మార్చిలో ఐపీఎల్‌తో మళ్లీ ఆడాడు. నువ్వు చూసింది ఆ మార్చిని. స్పోర్ట్స్ ఫిజియో బతుకంతా ఆ మధ్యలో ఉన్న ఏడాది మీద మరో మూడు నెలల్లో ఉంటుంది. ఊతకర్రతో నడక, నీళ్లలో నడక, తొడ కండరం కరిగిపోతే మళ్లీ పెంచడం, ఒంటికాలి మీద నిలబడటం, రెండు కాళ్ల బలం కొలిచి పోల్చడం, ఇంకా తయారు కాలేదని ఆటగాడికి చెప్పి తిట్లు తినడం. టీవీలో ఇవేవీ రావు. పెద్ద టీముల్లో ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ గచ్చిబౌలి బ్యాడ్మింటన్ అకాడమీల నుంచి జిల్లా కబడ్డీ జట్ల దాకా, పోలీస్ ఉద్యోగం కోసం పరుగు ప్రాక్టీస్ చేస్తూ కాలి ఎముక నొప్పి తెచ్చుకునే కుర్రాళ్ల దాకా పని చాలా ఉంది. డబ్బు తక్కువ, తిరుగుడు ఎక్కువ. దారి ఇది: బీపీటీలో ఆర్థో గట్టిగా నేర్చుకో, సెలవుల్లో ఏదో ఒక జట్టు వెంట టేపింగ్, ఫస్ట్ ఎయిడ్ పనికి వెళ్లు, తర్వాత రెండేళ్ల పీజీ, అంటే ఎంపీటీ, స్పోర్ట్స్‌లో చెయ్యి. ఒక మాట మాత్రం మనసులో పెట్టుకో. స్పోర్ట్స్ కోసమని చేరిన పిల్లలు మూడో ఏడు వార్డులకు వెళ్లాక పిల్లల వైపో, న్యూరో వైపో మళ్లడం మామూలే. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రంలో, మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా కదలని సెరిబ్రల్ పాల్సీ పిల్లవాడిని నిలబెట్టే ఫ్రేమ్‌లో మొదటిసారి నిలబెట్టినప్పుడు వాడు వాళ్లమ్మను ఎదురుగా, కంటికి కన్ను ఎత్తులో చూస్తాడు చూడు, అది చూశాక క్రికెట్ మర్చిపోయినవాళ్లు నాకు తెలుసు. కాబట్టి ఇప్పుడే బోర్డు రాయించుకోకు.

ఈ వృత్తి పని కూడా కాలంతో మారుతూ వచ్చింది. మన దేశంలో తొలి ఫిజియోథెరపీ స్కూల్ 1953లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో పోలియో కారణంగానే మొదలైంది. ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ నిండా కాళ్లకు క్యాలిపర్లు (ఊతగా కట్టే కడ్డీలు) కట్టుకున్న పిల్లలే. దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలోది. ఇప్పుడు ఆ బెంచీల మీద షుగర్, బీపీ, బైక్ యాక్సిడెంట్, మోకాళ్ల అరుగుదల, రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మెడలు. పని తగ్గుతుందన్న బెంగ అక్కర్లేదు.

నాన్నకు చెప్పాల్సింది: మొదటి రెండు మూడేళ్లు డబ్బు తక్కువ. ఇందులో దాచడానికేమీ లేదు. హైదరాబాద్‌లో కొత్తగా చేరినవాళ్లకు చాలా చోట్ల పదిహేను వేలకు అటూ ఇటూ ఇస్తున్నారు. హాస్టల్, బస్సు పోను మిగిలేది సున్నా. పక్కింటి అబ్బాయి ఇంజనీరింగ్ అయ్యాక మొదటి నెలే తెచ్చే జీతంతో పోల్చుకుంటే ఏడుపొస్తుంది. ఇక్కడ సంపాదన చేతి మీద పేరు వచ్చాక పెరుగుతుంది. ఉదయం ఆసుపత్రి, సాయంత్రం రెండు మూడు హోమ్ విజిట్లు, నాలుగైదేళ్లకు సొంత గది, ఇదీ చాలామంది నడిచిన బాట. ఇంటికి అప్పు ఉండి, నీ జీతం మీదే తీర్చాలనుకుంటే నాన్నతో ఈ లెక్క ముందే మాట్లాడు. మేనేజ్‌మెంట్ సీటుకు లక్షలు అప్పు తెచ్చి ఈ కోర్సు చదవమని నేను ఎవరికీ చెప్పను. సొంత క్లినిక్ పెట్టినప్పుడు పేషెంట్లను పంపినందుకు పర్సెంటేజీ అడిగేవాళ్లు తగులుతారు. ఇవ్వడం మొదలుపెడితే ఆ పర్సెంటేజీ రాబట్టడానికి అయిదు రోజుల ట్రీట్‌మెంట్ పదిహేను రోజులవుతుంది. అక్కడి నుంచి మీ మామయ్య చెప్పిన క్లినిక్ ఎంతో దూరం లేదు.

సర్కారు ఉద్యోగాలు ఉన్నాయి, కొద్దిగానే. రైల్వేలో ఫిజియోథెరపిస్ట్ పోస్టుకు ఏడో పే కమిషన్ లెవల్ 6, మూల వేతనం 35,400 రూపాయలు. జిల్లా ఆసుపత్రులు, పిల్లల కోసం పెట్టిన డైక్ కేంద్రాలు, భవిత కేంద్రాల్లో కాంట్రాక్టు పోస్టులు పడుతుంటాయి. నోటిఫికేషన్ కోసం చేస్తున్న పని మానేసి ఇంట్లో కూర్చునే అలవాటు మాత్రం వద్దు, చెయ్యి మొద్దుబారుతుంది.

అమెరికా. పోవచ్చు, కానీ మీ ఊరి సాఫ్ట్‌వేర్ పిల్లలు పోయిన దారిలో కాదు. ఏదో ఒక ఎమ్మెస్‌లో చేరి అక్కడే ఉద్యోగం వెతుక్కుందామంటే ఫిజియోకు కుదరదు. లైసెన్సు లేకుండా అక్కడ పేషెంటు మీద చెయ్యి వేయలేవు. హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ చేస్తే ఆ లైసెన్సు రాదు. అక్కడ ఈ చదువు ఇప్పుడు డీపీటీ అనే డాక్టరేట్ స్థాయిలో ఉంది. మన డిగ్రీని దానితో పోల్చి మదింపు చేయిస్తారు, తక్కువపడిన సబ్జెక్టులు మళ్లీ చదవాల్సి రావొచ్చు, తర్వాత ఎన్‌పీటీఈ పరీక్ష, ఆపై ఒక్కో రాష్ట్రానికి ఒక్కో లైసెన్సు. నర్సులతో పాటు ఫిజికల్ థెరపిస్టులనూ అక్కడి కార్మిక శాఖ కొరత ఉన్న వృత్తుల జాబితాలో పెట్టింది, దాంతో గ్రీన్‌కార్డు పనిలో ఒక మెట్టు తగ్గుతుంది. మనవాళ్ల క్యూ మాత్రం మామూలే. బ్రిటన్‌కు హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ కావాలి. గల్ఫ్ లైసెన్సు పరీక్షలు అంతకంటే సులువు, కానీ చదువు అయ్యాక చేసిన ఉద్యోగ అనుభవం అడుగుతారు. ఏ దేశమైనా నీ ఇంటర్న్‌షిప్ గంటలు, సిలబస్ కాపీలు, మార్కుల మెమోలు కాలేజీ నుంచి సీల్ వేసి పంపమంటుంది. పదేళ్ల తర్వాత ఆ కాలేజీ ఉంటుందా, ఉత్తరానికి జవాబిస్తుందా అన్నది కూడా చేరేటప్పుడు ఆలోచించాల్సిన విషయమే.

పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా అని నువ్వు అడగలేదు, కానీ ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. 2025 సిలబస్‌లో పేరు ముందు డాక్టర్, చివర పీటీ అని రాసుకోవచ్చని ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వద్దంటూ లేఖ ఇచ్చి, వెంటనే దాన్ని వెనక్కి తీసుకుంది. ఎంబీబీఎస్ డాక్టర్ల సంఘాలు ఒప్పుకోవడం లేదు. ఈ గొడవ నువ్వు చదువు పూర్తి చేసేసరికి ఎటో తేలుతుంది. నా మటుకు నాకు, పేషెంటుకు మొదటి మాటలోనే "నేను ఫిజియోథెరపిస్టుని, మందులు రాయను" అని చెప్పడం మంచిది. మందులు, ఇంజెక్షన్లు మన పని కాదు. ఆ మాట చెప్పుకోవడం నామోషీగా ఉంటుందనుకుంటే ఈ కోర్సులో చేరకు.

దీనికి తోడు ఇంకో ప్రశ్న నిన్ను నువ్వే వేసుకోవాలి. ఎంబీబీఎస్ మీద ఆశ పూర్తిగా పోయిందా? బీపీటీలో చేరి, ఎవరికీ చెప్పకుండా మూడోసారి నీట్‌కు చదివేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. రెండు పడవల మీద కాళ్లు. మొదటి ఏడాది అనాటమీ ఎంత బరువుగా ఉంటుందో వాళ్లకు సప్లిమెంటరీ ఫీజు కట్టేటప్పుడు తెలుస్తుంది. ఇంకో ఏడాది రాయాలని నిజంగా ఉంటే రాసెయ్, అది తప్పేం కాదు. లేదంటే ఆ పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేసి ఇందులోకి రా. దీనికి దగ్గరగానే రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, మాట, వినికిడి సమస్యలు చూసే స్పీచ్ అండ్ హియరింగ్ కోర్సులూ ఉన్నాయి. వాటి గురించి కూడా ఒకసారి కనుక్కో.

చేరమంటారా అని అడిగావు. ఇప్పుడే అవుననను. ముందు ఒక వారం సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనో, నల్గొండలోనో ఫిజియోథెరపీ గదిలో కూర్చో. అక్కడ పనిచేసేవాళ్లను "ఈ కోర్సు చదవాలనుకుంటున్నాను, ఒక మూల నిలబడి చూస్తాను" అని అడిగితే చాలామంది సరేనంటారు. ఏం చూడాలంటే, పనిని కాదు, నిన్ను. ఒకే ముసలాయన రోజూ వచ్చి అదే భుజాన్ని అదే చక్రం మీద తిప్పుతుంటే, మూడో రోజుకు నీకు విసుగొస్తుందా, లేక నిన్నటికంటే ఎంత ఎక్కువ తిరిగిందో చూడాలనిపిస్తుందా? మోకాలు వంచుతుంటే పెద్దావిడ "బిడ్డా, చంపుతున్నవే, ఇడిసిపెట్టు" అని ఏడిస్తే, నీకు చేతులు వణికి వదిలేయాలనిపిస్తుందా, లేక ఆమెను మాటల్లో పెట్టి ఇంకో రెండు డిగ్రీలు వంచవచ్చేమో అనిపిస్తుందా? రెండు సందర్భాల్లోనూ రెండోది అయితే, మీ నాన్నతో లెక్క కూడా కుదిరితే, చేరిపో. మొదటిదైతే నీలో లోపమేమీ లేదు, బైపీసీ పిల్లలకు అగ్రికల్చర్, ఫార్మసీ, ఫుడ్ టెక్నాలజీ అని ఇంకా చాలా దార్లున్నాయి.

ఆ వారంలోనే మీ-సేవలో ఆదాయ, కుల ధ్రువపత్రాలకు అప్లై చేసి పెట్టుకో. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు స్కూల్ నుంచి తెచ్చుకో, హెడ్మాస్టర్ సంతకం కావాలంటే స్కూల్ తెరిచి ఉన్న రోజులే చూసుకో. కౌన్సెలింగ్ మొదలైన వారం మీ-సేవ సర్వర్ పనిచేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు.